దీపం మాత్రం



పోయిన నెల మన సంఘం మీటింగు ముగిసి అందరూ కాఫీ తాగుతా ఉన్నప్పుడు ఒక చెల్లెలు మా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది. "అన్నా, మా అత్తగారు పోయినప్పటినుంచి ఇంట్లో పెరటాసి తళిగ వేయలేదు. మూడేళ్ళయింది. మళ్ళీ మొదలుపెట్టొచ్చా? తప్పిపోయినదానికి ఏమైనా పరిహారం చేయాల్నా?" అని. అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయినాం. నాలుగు మాటల్లో తేలే విషయం కాదు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. తమిళ బడిలో చదువుకున్న చెయ్యి ఇది, తప్పులుంటే సరిదిద్దుకోండి.

మేము అంటే నలుగురం. అక్క, అన్న, రైల్వేలో గుమాస్తాగా పనిచేసి ఇది రాస్తున్నవాడు, చివర తమ్ముడు. నలుగురం పుట్టి పెరిగింది వేలూరు తొరపాడిలో. పెద్దవాళ్ళు రాయవేలూరు అనేవాళ్ళు. తొరపాడి అంటే ఊరివాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది సెంట్రల్ జైలు. 1921లో రాజాజీని పెట్టింది వేలూరు జైల్లోనే. చిన్నప్పుడు ఎవరైనా "మీ ఇల్లు ఎక్కడ?" అంటే "జైలు దగ్గర" అని చెప్పి నవ్వించేవాళ్ళం.

ఇల్లు పెద్దదేమీ కాదు. పెంకుటిల్లు. వీధి వైపు రెండు తిన్నెలు, లోపల ఒక పడసాల, వెనక వంటిల్లు, బావి. పడసాల గోడలో దీపం గూడు. ఆ గూడు పైన గోడ మసి పట్టి నల్లగా ఉండేది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా అమ్మ ఆ జానెడు చోటు మాత్రం కొట్టనిచ్చేది కాదు. "అది మురికి కాదురా, మీ అవ్వ దీపాలు" అనేది.

మా ఇంటి భక్తి అంతా ఇంత మాత్రమే. తెల్లారి వాకిట్లో ముగ్గు. అన్నం దించగానే కాకికి ఒక ముద్ద. పొద్దు గూకే వేళకు దీపం. దీపం పెట్టేటప్పుడు ఎవరూ పడుకోకూడదు, ఏడవకూడదు, అప్పు మాట ఎత్తకూడదు. శనివారం అమ్మకు ఒక్కపొద్దు. మంత్రాలు మాకెవరికీ రావు. పురోహితుడు వచ్చేది పెళ్ళికీ, చావుకీ, కొత్త ఇంటికీ. వీధిలో మాట్లాడింది తమిళం, బడిలో చదివింది తమిళం. దీపం గూడు ముందు మాత్రం తెలుగు. దేవుడికి తెలుగే తెలుసు అనుకునేవాళ్ళం చిన్నప్పుడు.

ఏడాదికి ఒక్కటే పెద్ద పని, పెరటాసి తళిగ. మన పిల్లలు చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాం. ఉగాది మనం చాంద్రమానం ప్రకారం చేసుకుంటాం. పెరటాసి మాత్రం ఇక్కడి సౌరమానం లెక్క, సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా. తిరుపతి వెంకన్నకు ఇష్టమైన నెల అని ఆ నెలంతా ఇంట్లో నీసు వండరు. ఏదో ఒక శనివారం తళిగ వేస్తారు. మా ఇంట్లో అది మూడో శనివారం.

పొద్దున్నే రాగి చెంబు తోమి, దానికి తిరుమణీ శ్రీచూర్ణమూ పెట్టి, తులసి మాల చుట్టి మగపిల్లల చేతికి ఇచ్చేవాళ్ళు. నుదుట నామం, నడుముకు పసుపు గుడ్డ. "గోవిందా, గోవిందా" అని అరుస్తా వీధంతా తిరగాల. ప్రతి ఇంట్లోనూ ఒక పిడికెడు బియ్యం వేస్తారు. సన్న బియ్యం, రేషను బియ్యం, పుళుంగల బియ్యం అన్నీ ఒకే చెంబులో కలిసిపోతాయి. పక్కింటి సాయబు గారి భార్య మాకోసం గుమ్మంలో కాచుకోని ఉండి, తలమీద కొంగు సర్దుకోని, రెండు పిడికిళ్ళు వేసేది. ఆ కలిసిన బియ్యాన్ని ఇంటి బియ్యంతో చేర్చి వండాల. పులిహోర, చక్కెర పొంగలి, పెరుగన్నం, వడలు, గుగ్గిళ్ళు. అరిటాకు పరిచి అన్నీ రాసులు పోసి, బియ్యప్పిండీ బెల్లమూ కలిపిన ముద్దను గుంట చేసి నెయ్యి పోసి వత్తి వేసి పిండిదీపం వెలిగిస్తారు. దీపం కొండెక్కినాక ఆ పిండిని అందరూ తుంచుకోని తింటారు. బియ్యం వేసిన ప్రతి ఇంటికీ ప్రసాదం పోవాల.

"మనకు బియ్యం లేవా నాయనా, ఎందుకు అడుక్కోవాల?" అని తమ్ముడు ఒకసారి అలిగినాడు. బడిలో పిల్లలు ఎగతాళి చేసినారంట. నాయన చెప్పింది ఒక్కటే. "ఏడాదికి ఒక రోజన్నా చెయ్యి చాపకపోతే, చాపినవాడి బాధ నీకు తెలియదు."

పెద్దయినాక నలుగురం నాలుగు దిక్కులకు పోయినాం. అక్క గుడియాత్తం కోడలు. అన్న కాట్పాడిలో, తమ్ముడు బెంగళూరులో. ఇది రాస్తున్నవాడికి ఎక్కువ కాలం బుకింగు కౌంటరు పని. పెరటాసి శనివారాల్లో కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతి పోయే బండ్లకు పసుపు బట్టలవాళ్ళు కిటకిటలాడేవాళ్ళు. అందరికీ టికెట్టు కొట్టి ఇచ్చి, డ్యూటీ దిగి తొరపాడికి వచ్చేసరికి అమ్మ ఆకు తీయకుండా కాచుకోని ఉండేది. నలుగురం ఏ ఊర్లో ఉన్నా ఆ ఒక్క శనివారం ఇంటికి రావాల్సిందే. అన్న చిన్నప్పుడే ద్రావిడ కళగం మీటింగులకు పోయినవాడు, గుడి మెట్లు ఎక్కడు. ఆయనా వచ్చేవాడు. "దేవుడి కోసం కాదు, అమ్మ పులిహోర కోసం" అనేవాడు.

2021 మే నెలలో, కరోనా రెండో అలలో, అమ్మ పోయింది. జ్వరం అని ఆసుపత్రికి తీసుకుపోయినాం. తొమ్మిదో రోజు ఫోను వచ్చింది. ఇంటికి తేలేదు. అటునుంచి అటే తీసుకుపోయినారు. నలుగురిలో ఇద్దరమే ఉన్నాం అక్కడ. తమ్ముడు బెంగళూరు నుంచి రాలేకపోయినాడు, అక్కకు అప్పటికే జ్వరం. పసుపు రాయలేదు, నోట్లో బియ్యం వేయలేదు, దోవ పొడుగునా పూలు చల్లలేదు. గడప దాటి తన కాళ్ళతో ఆటో ఎక్కిన మనిషి మళ్ళీ ఆ గడపకు రాలేదు. మీలోనూ ఎంతమంది ఇంట్లో ఇలా జరిగిందో మాకు తెలుసు.

ఆ ఏడు పండగలు లేవు, అది ఆచారమే. నవంబరులో వానలు పట్టుకున్నాయి. ఏండ్ల తరబడి ఇసక తప్ప ఏమీ కనపడని పాలారు ఆ నెలలో ఒడ్లు ఒరుసుకోని పారింది. గుడియాత్తంలో కౌండిన్య నదీ పొంగింది. తొరపాడి ఇంట్లో పెంకులు జారి పడసాలలోకి నీళ్ళు దిగినాయి. తాళం వేసి వచ్చేసినాం. 2022 పెరటాసికి అన్న "అక్క చేస్తే బాగుంటుంది" అన్నాడు. అక్క "పుట్టింటి తళిగ మగవాళ్ళు కదా వేయాల" అనింది. తమ్ముడు "మీరు ఎప్పుడంటే అప్పుడు వస్తా" అన్నాడు. ఇది రాస్తున్నవాడు ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే ఆ తలుపు తీసి, అమ్మ లేని పడసాలలోకి పోయే ధైర్యం ఎవరికీ లేదు. 2023లోనూ అంతే.

ఆ తరువాత తమ్ముడికి గుండె నొప్పి వచ్చి స్టెంటు పెట్టినారు. అన్న కొడుకు ఉద్యోగం పోయింది. 2024 మేలో గుడియాత్తం గంగమ్మ సిరసు పండగకు అక్క ఇంట్లో చేరినాం. తెలియనివాళ్ళకు చెబుతాం. తమిళ వైకాసి నెల మొదటి రోజు అమ్మవారి సిరసును వీధుల్లో ఊరేగించి గుడికి తెచ్చి మొండేనికి చేరుస్తారు. రేణుక కథ అది. దారి పొడుగునా లెక్కలేనన్ని టెంకాయలు పగులుతాయి. ఆ సందడిలో, బంధువుల్లో ఒక పెద్దామె అందరి ముందరా అనేసింది. "తళిగ ఆపేస్తే వెంకన్న ఊరకే ఉంటాడా? వడ్డీతో సహా రాబట్టుకుంటా ఉన్నాడు." తమ్ముడి ముఖం పాలిపోయింది. అన్న తినే ఆకు ముందు నుంచి లేచిపోయినాడు. "పిడికెడు అన్నానికి గుండె మీద కొట్టే దేవుడైతే నాకొద్దు" అన్నాడు. ఆ రాత్రి మేమెవరం సరిగా నిద్రపోలేదు. అన్నలాగా కోపం తెచ్చుకోవడం మాకు చేతకాలేదు. పెద్దామె మాట నమ్మలేకపోయినాం, తోసెయ్యనూ లేకపోయినాం. ఎక్కడో లోపల "మనవల్లేనేమో" అనే ముల్లు దిగిపోయింది.

అదే ఏడు ఆగస్టులో ఇల్లు అమ్మేద్దామని తీర్మానం చేసినాం. బాగు చేసే డబ్బూ లేదు, ఉండే మనిషీ లేడు. ఇంట్లో సామాను తీసేదానికి నలుగురం పోయినాం. అటక మీద అమ్మ ట్రంకు పెట్టె. అందులో పెండ్లి చీర, నాయన కళ్ళద్దాలు, అడుగున పసుపు గుడ్డలో చుట్టిన ఒక పొడుగాటి లెక్కల పుస్తకం. తాత చేతి రాత. అంతా తెలుగు.

మాలో ముగ్గురికి తెలుగు చదవడం రాదు. ఇది రాస్తున్నవాడికి వచ్చింది కూడా బడిలో కాదు, రైలు స్టేషన్లలో. కాట్పాడి బోర్డులో తమిళం, హిందీ, ఇంగ్లీషు. అదే తిరుపతి లైనులో ఆంధ్రాలోకి పోతే తమిళం చోట తెలుగు వస్తుంది. చిత్తూరు, పూతలపట్టు, పాకాల. ఇంగ్లీషు పక్కన పెట్టుకోని ఒక్కొక్క అక్షరం పోల్చుకుంటా నేర్చుకున్నది. రిటైరయినాక మనవరాలి పలక కొనుక్కోని గుణింతాలు దిద్దింది. ఆ చదువు ఆ రోజు పనికొచ్చింది. తిన్నె మీద కూర్చోని, కూడబలుక్కుంటా చదవడం మొదలుపెడితే మిగతా ముగ్గురూ చుట్టూ చేరినారు.

అది తళిగ లెక్క. 1948 నుంచి, తాత పోయిన 1971 దాకా. ఏడాదికి నాలుగైదు వరసలు. "బియ్యం 4 పడులు, అందులో గోవింద బియ్యం రెండున్నర. బెల్లం అర వీశె. నెయ్యి సాయబు ఇంటినుంచి. కర్పూరం ఒక అణా." వీశె అంటే ఇప్పటి లెక్కలో సుమారు 1.4 కిలోలు. రేషను కాలంలో వండిన బియ్యంలో సగానికి పైగా వీధివాళ్ళు వేసిందే! అంటే చెంబు పట్టుకోని పోయింది వేషానికి కాదు, ఆ ఏడు నిజంగానే ఇంట్లో బియ్యం లేవు. నాయన చెప్పిన మాటకు అర్థం మాకు అప్పుడు తెలిసింది.

1951 దగ్గర చదువు ఆగిపోయింది. అక్కడ లెక్క లేదు. రెండే మాటలు. "దీపం మాత్రం." 1952. "దీపం మాత్రం." 1953. "దీపం మాత్రం."

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "చిన్నాయన" అనింది. మా నాయనకు ఒక తమ్ముడు ఉండేవాడని, ఐదేళ్ళ వయసులో జ్వరం వచ్చి పోయినాడని అవ్వ అక్కకు మాత్రం చెప్పిందంట. ఆ బిడ్డ పోయినాక అవ్వ వంటింట్లో తళిగ గిన్నెలు ముట్టనని చెప్పిందంట. మూడేళ్ళు ముట్టలేదు. తాత బలవంతం చేయలేదు. దోషం అని రాయలేదు, పరిహారం అని రాయలేదు. మూడో శనివారం పొద్దు గూకినప్పుడు గూట్లో దీపం పెట్టి, పుస్తకంలో ఆ రెండు మాటలు రాసుకున్నాడు.

1954 వరస ఇలా ఉంది. "ఇంట్లో ఆమె తానే బియ్యం కడిగింది. ఒక పడి. చాలు."

తిన్నె మీద కొంతసేపు ఎవరం మాట్లాడలేదు. గుడికి పోని అన్నే మొదట మాట్లాడినాడు. "మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివినాం. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మూడేళ్ళు ఊరుకున్నాడు కదా ఆయన దేవుడు. మనకూ మూడేళ్ళే అయింది" అన్నాడు. మే నెల నుంచి మాలో దిగబడిన ముల్లు ఆ మాటతో ఊడి వచ్చింది. పండితుడు చెప్పినా, జోస్యుడు చెప్పినా మాకు అంత ఊరట కలిగి ఉండదు. మా ఇంటి ఆచారమే మాకు జవాబు చెప్పింది. దుఃఖంలో ఉన్నవాళ్ళకు దీపం మాత్రం చాలు అని మా తాత కాలంలోనే అందులో చోటు పెట్టి ఉంచినారు. అది తెలియక భయపడినాం.

2024 అక్టోబరు 5, మూడో శనివారం, ఆ ఇంట్లోనే తళిగ వేసినాం. నలుగురూ అరవై దాటినవాళ్ళం, నామం పెట్టిన చెంబు పట్టుకోని వీధిలో "గోవిందా" అంటే మొదట గొంతు రాలేదు. సగం ఇళ్ళు కొత్తవి. ఒక ఇంట్లో తలుపు తీయలేదు. ఒక ఇంట్లో అద్దెకున్న కాలేజీ పిల్లలు ఇది ఏమిటని అడిగి, బియ్యం లేవని పది రూపాయలు తెచ్చినారు. డబ్బు తీసుకోము, మధ్యాహ్నం తినడానికి రండి అని చెప్పినాం. సాయబు గారి ఇంట్లో ఆ పెద్దామె ఎప్పుడో పోయింది. కోడలు ఉంది. మా గొంతు విని ఆమె గుమ్మంలోకి వచ్చి, ఏమీ అడగకుండా, రెండు పిడికిళ్ళు వేసింది. "మా అత్త చెప్పి పెట్టింది, ఈ నెలలో వస్తారని" అనింది. మూడేళ్ళు ఆమె కూడా కాచుకోని ఉందన్నమాట. చెంబు పట్టుకున్న తమ్ముడి చెయ్యి వణికింది.

తాత రాసినట్టే ఒక పడి బియ్యం. బావి దగ్గర కూర్చోని కడిగింది అన్న. మంత్రం లేదు. "నమ్మకం వచ్చిందా అన్నా?" అని తమ్ముడు అడిగితే, "అదంతా నాకు తెలీదు. ఈ బియ్యం కడుగుతా ఉంటే అమ్మ పక్కనే ఉన్నట్టుంది" అన్నాడు. ఆసుపత్రి నుంచి అటే పోయిన అమ్మ ఆ రోజు మాకు ఇంటికి వచ్చినట్టయింది. ఇంతకంటే సరిగా చెప్పడం మాకు రాదు.

ఇల్లు నిలిచిందా అని అడుగుతారు. నిలవలేదు. మరుసటి ఏడు మొదట్లో రిజిస్ట్రేషను అయిపోయింది. బాధ లేదని చెప్పం. ఆ నల్లటి గూడు గోడతో పాటే పోయింది. అప్పుడు అక్క ఒక విషయం గుర్తు చేసింది. మా చిన్నతనంలో వేలూరు కోటలో జలకంఠేశ్వరుడి గుడి ఉండేది కానీ గర్భగుడిలో స్వామి లేడు. వందల ఏండ్లుగా పూజ లేదు. లింగం సత్తువాచారిలో ఉండేది, పూజ అక్కడే. కోటకు పోయినప్పుడల్లా అమ్మ ఆ ఖాళీ గర్భగుడికి దండం పెట్టేది. "లోపల ఎవరూ లేరు కదమ్మా" అంటే, "స్వామి సత్తువాచారిలో బాగానే ఉన్నాడు. ఇది ఆయన ఇల్లు, ఇంటికి పెడుతున్నా" అనేది. 1981లో స్వామిని మళ్ళీ కోటకు తెచ్చి ప్రతిష్ఠ చేసినారు. ఆ గుంపులో అమ్మతో పాటు మేమూ ఉన్నాం. "అన్ని తరాలు స్వామి వేరే చోట ఉన్నా పూజ ఆగలేదు కదా. మన దీపం కూడా అంతే" అనింది అక్క. 2025లో తళిగ గుడియాత్తంలో అక్క ఇంట్లో వేసినాం. పుట్టింటి తళిగ ఆడబిడ్డ ఇంట్లోనా అని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేదానికి పుస్తకం ఉంది. ఇకమీద నలుగురి ఇళ్ళలో వంతులవారీగా.

ఇప్పుడు ఆ చెల్లెలికి జవాబు. అమ్మా, పరిహారం ఏమీ వద్దు. మీ అత్తగారి మీద ప్రేమ ఉండబట్టే మీ చేతులు ఆడలేదు. ఈ పెరటాసికి పెద్ద వంట పెట్టుకోవద్దు. పొద్దు గూకినప్పుడు దీపం పెట్టండి. మనసు ఒప్పితే ఒక పిడికెడు బియ్యం కడగండి. మరుసటి ఏడు ఒక పడి అవుతుంది.

అందరికీ ఒక మనవి. మీ ఇంట్లో అమ్మ, అత్త, అవ్వ ఎవరున్నా ఈ వారమే పక్కన కూర్చోని, మీ ఇంటి పద్ధతి ఏమిటో, కొలతలు ఎంతో అడిగి రాసుకోండి. తెలుగు వస్తే తెలుగులో, రాకపోతే తమిళంలో రాయండి, మీ పిల్లలు చదవగలిగే అక్షరాల్లో రాయండి. బాగా జరిగిన ఏడు మాత్రమే కాదు, జరగని ఏడు కూడా రాయండి. మాకు ఆసరా అయింది ఆ జరగని మూడేళ్ళ లెక్కే.

మా తాత పుస్తకంలో ఇప్పుడు కొత్త వరసలు చేరినాయి. 2021, 2022, 2023 ఎదురుగా ఏమి రాయాలా అని ఆలోచించినాం. ఆ మూడేళ్ళూ మేము దీపం కూడా పెట్టలేదు. అబద్ధం రాయకూడదు. చివరికి అన్న చెబితే ఇది రాస్తున్నవాడు రాసినాడు. "అమ్మ లేదు. ఇల్లు తాళం." దాని కింద 2024. "అన్న బియ్యం కడిగినాడు. ఒక పడి. చాలు."

మీ మీ ఇళ్ళలో తళిగ ఎలా వేస్తారో, ఏ శనివారమో, తీరిక ఉన్నప్పుడు రాయండి. చదువుతాం.